సెకన్లలో కొలిచే ఎత్తు

వేల్స్ కొండల మధ్య మాక్ లూప్ అనే లోయల వరుస ఒకటుంది. బ్రిటన్ వాయుసేన జెట్లూ, అక్కడికి శిక్షణకు వచ్చే ఇతర దేశాల యుద్ధవిమానాలూ ఆ లోయల్లో నేలకు 250 అడుగుల ఎత్తు వరకూ దిగి ఎగురుతుంటాయి. కొండవాలు మీద కెమెరాలతో కూర్చున్నవారికి విమానం తల మీదుగా కాక కాళ్ల కిందుగా వెళుతుంది. మలుపు తిరిగేటప్పుడు కాక్‌పిట్‌లో కూర్చున్న మనిషి హెల్మెట్టూ, రెక్కల మీద ఒక్క క్షణం కమ్ముకుని మాయమయ్యే తెల్లటి ఆవిరీ పైనుంచి స్పష్టంగా కనిపిస్తాయి. అక్కడ తీసిన వీడియోలు చూసినవారెవరైనా మొదట మెచ్చుకునేది పైలట్ గుండెధైర్యాన్నే. ధైర్యం అక్కర్లేదని నేను అనను. కానీ విమాన ప్రమాదాల దర్యాప్తు నివేదికలు చదవడం అలవాటైన తర్వాత, ఆ దృశ్యంలో ధైర్యం కంటే ముందు నాకు లెక్క కనిపించడం మొదలైంది. అది ఎత్తును అడుగుల్లో కాక సెకన్లలో కొలిచే లెక్క. నేలను ఒరుసుకుంటూ ఎగరడానికీ, ప్రదర్శనల్లో ఒళ్లు గగుర్పొడిచే విన్యాసాలు చేయడానికీ ఆధారం ఆ లెక్కే; ఈ రెండింటిలోనూ ప్రాణాలు పోయిన సందర్భాలను చూస్తే చాలావాటిలో తప్పింది కూడా అదే.

అసలు ఇంత కిందికి దిగవలసిన అవసరం ఏమిటన్నది ముందుగా చెప్పుకోవాలి. రాడార్ తరంగాలు దాదాపు సరళరేఖలో వెళతాయి, భూమేమో గుండ్రంగా ఉంటుంది. పది మీటర్ల ఎత్తున్న రాడార్ యాంటెన్నాకు, పదివేల మీటర్ల ఎత్తులో వచ్చే విమానం సుమారు 425 కిలోమీటర్ల దూరం నుంచే దిగంతం మీద కనిపించే వీలుంది. అదే విమానం 250 అడుగుల ఎత్తులో, అంటే 76 మీటర్ల ఎత్తులో వస్తే, చదునైన నేల మీద కూడా 50 కిలోమీటర్ల లోపలికి వచ్చేదాకా భూమి వంపే దాన్ని దాచిపెడుతుంది. గంటకు 830 కిలోమీటర్ల వేగంతో వచ్చే జెట్‌కు ఆ దూరం మూడున్నర నిమిషాల పని. మధ్యలో కొండలుంటే శత్రువుకు దొరికే వ్యవధి ఇంకా తగ్గిపోతుంది.

ఈ అవసరం ఒక్కసారిగా ముంచుకొచ్చిన తేదీ చెప్పాలంటే 1960 మే 1. ఆ రోజు సోవియట్ భూభాగం మీద, దాదాపు ఇరవై కిలోమీటర్ల ఎత్తులో ఎగురుతున్న అమెరికా యూ-2 నిఘా విమానాన్ని ఎస్-75 క్షిపణి కూల్చివేసింది. ఎంత పైకి వెళితే అంత క్షేమం అన్న పాత నమ్మకం ఆ దెబ్బతో చెల్లిపోయింది. అప్పటిదాకా ఎత్తులో ఎగరడానికే తయారైన భారీ బాంబర్లను కిందికి దింపవలసి వచ్చింది. అయితే నేలకు దగ్గరి గాలి దట్టమైనది, కుదుపులు ఎక్కువ. పైన ప్రశాంతంగా ఎగరడానికి రూపొందించిన రెక్కలు ఆ కుదుపుల్ని ఎక్కువకాలం తట్టుకోలేవు. బ్రిటన్‌కు చెందిన వాలియంట్ బాంబర్లకు తక్కువ ఎత్తు పని అప్పగించిన కొద్దికాలానికే రెక్కల ప్రధాన దూలాల్లో లోహం అలసి పగుళ్లు బయటపడ్డాయి, 1965 జనవరిలో మొత్తం వాలియంట్లనే సర్వీసు నుంచి తొలగించారు. ఆ తర్వాతి తరంలో ఎఫ్-111, టోర్నడో వంటివి మొదటి నుంచీ ఈ పనికోసమే పుట్టినవి. ముందున్న నేల ఎత్తుపల్లాలను రాడార్‌తో చదువుకుంటూ, రాత్రిపూట కూడా తమంతట తాము లేస్తూ దిగుతూ వెళ్లే ఏర్పాటు వాటిలో ఉండేది.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. 450 నాట్ల వేగం అంటే సెకనుకు 231 మీటర్లు. ఆ వేగంలో విమానం ముక్కు ఒకే ఒక్క డిగ్రీ కిందికి వంగితే, ఆ వంపును కాక్‌పిట్‌లోని మనిషి ఒళ్లు గ్రహించను కూడా గ్రహించలేదు. అయినా విమానం సెకనుకు నాలుగు మీటర్ల చొప్పున దిగిపోతూ ఉంటుంది. 250 అడుగుల నుంచి నేలకు చేరడానికి 19 సెకన్లు. వంద అడుగుల నుంచి అయితే ఏడున్నర సెకన్లు. మ్యాప్ చూసుకోవడానికో, రేడియో ఫ్రీక్వెన్సీ మార్చడానికో తల లోపలికి వంచితే ఆ సెకన్లు ఇట్టే కరిగిపోతాయి. అందుకే తక్కువ ఎత్తు శిక్షణలో మొదట నేర్పేది ఒక వరుసక్రమం: నేలను తప్పించుకోవడం అన్నిటికంటే మొదటి పని, మిగిలిన పనులన్నీ దాని తర్వాతే, అదీ మిగిలిన సెకన్లలోనే. లోపలి పని ఎక్కువసేపు పట్టేదైతే ముందు కాస్త పైకి లేచి, అంటే సెకన్లు సంపాదించుకుని, ఆ తర్వాతే తల దించాలి. చెప్పుకోవడానికి ఇది సులువుగానే ఉంటుంది. వెనక నుంచి శత్రువిమానం వస్తోందని రేడియోలో ఎవరో అరుస్తున్నప్పుడు పాటించడమే కష్టం.

నేరుగా వెళ్లడం కంటే మలుపు తిరగడం ఇంకా ప్రమాదకరం. అదే 450 నాట్ల వేగంలో నాలుగు జి బలంతో (ఒక జి అంటే భూమ్యాకర్షణ వల్ల మామూలుగా మన మీద ఉండే బరువు), ఎత్తు మారకుండా మలుపు తిరగాలంటే రెక్కల్ని సుమారు 75 డిగ్రీలు వాల్చాలి; అప్పుడు మలుపు వ్యాసార్ధం 1,400 మీటర్ల దాకా ఉంటుంది. ఆ స్థితిలో రెక్కలు పుట్టించే నాలుగు జి బలంలో విమానం బరువును మోసే భాగం ఒక్క జి మాత్రమే, మిగతాదంతా మలుపుకే ఖర్చవుతుంది. పైలట్ భుజం మీదుగా వెనక్కి తిరిగి జట్టు విమానం కోసం చూస్తాడు. ఆ చూపుతో పాటే చెయ్యి తెలియకుండా కాస్త కదులుతుంది, వాలు మరో పది డిగ్రీలు పెరుగుతుంది. ఇంజన్ మోత మారదు, ఒంటి మీద జి బరువూ మారదు, అంటే హెచ్చరించేది ఏదీ ఉండదు. కానీ ఇప్పుడు బరువును మోస్తున్నది మూడో వంతు జి కూడా కాదు, కాబట్టి విమానం దాదాపు రాయిలా పడుతూ ఉంటుంది. నేను వేసిన లెక్క ప్రకారం 250 అడుగుల నుంచి నేలకు ఐదు సెకన్లలోపే, వంద అడుగుల నుంచైతే మూడు సెకన్లు. వెనక్కి చూసి, వెతుకుతున్న విమానాన్ని కనిపెట్టి, తల మళ్లీ ముందుకు తిప్పడానికి పట్టేది సరిగ్గా అంతే. మలుపులో ఉన్నంతసేపూ ముందు చూడు, రెక్కలు సమం చేశాకే వెనక చూడు అని శిక్షకులు పదేపదే చెప్పడానికి కారణం ఇదే.

కళ్లు కూడా మోసం చేస్తాయి. రేడియో తరంగాలతో నేల దూరాన్ని కొలిచే ఆల్టిమీటర్ ఉన్నప్పటికీ, పగటిపూట ఈ ఎత్తులో పైలట్ ఎక్కువగా ఆధారపడేది చూపు మీదే. చెట్ల పరిమాణాన్ని బట్టి, కిందనున్న గడ్డి, రాళ్ల నున్నదనాన్ని బట్టి ఎత్తును అంచనా కడతాడు. పెద్ద చెట్లున్న ప్రాంతంలో శిక్షణ పొందిన కన్ను, పొట్టి చెట్ల అడవి మీదికి వెళ్లగానే వాటిని కూడా పెద్ద చెట్లుగానే భ్రమపడి, ఎత్తు ఎక్కువగా ఉందనుకుని విమానాన్ని ఇంకా దించేస్తుంది. మంచు, ఇసుక, అలలు లేని నీరు అయితే కొలవడానికి ఆనవాలే లేని ఉపరితలాలు. దానికి తోడు ఆ వేగానికీ ఎత్తుకూ మనిషి చాలా త్వరగా అలవాటు పడిపోతాడు. మొదటి నిమిషంలో భయపెట్టిన నేల పదో నిమిషానికి మామూలుగా కనిపిస్తుంది. నా దృష్టిలో అన్నిటికంటే జాగ్రత్త పడవలసింది ఈ అలవాటు విషయంలోనే, ఎందుకంటే దీన్ని పట్టి చూపే పరికరం ఏదీ లేదు.

ఇక లోయకు అడ్డంగా వేలాడే విద్యుత్ తీగలు. ఆ వేగంలో తీగ కంటికి ఆనదు, ఆనినా తప్పించుకునే వ్యవధి మిగలదు. కాబట్టి పైలట్లు తీగ కోసం వెతకరు, తీగను మోసే స్తంభం కోసం వెతుకుతారు. స్తంభం కనిపిస్తే తీగ ఉన్నట్టే లెక్క కట్టి, రెండు స్తంభాల నడుమ కాకుండా సరిగ్గా స్తంభం నెత్తి మీదుగా దాటుతారు. కొండశిఖరాన్ని దాటే పద్ధతి కూడా చూసేవారికి వింతగా ఉంటుంది. శిఖరం దాటగానే ముక్కును కిందికి నెడితే రెండు నష్టాలున్నాయి. రుణ జి వల్ల, అంటే ఒంటిని సీటు నుంచి పైకి లేపే బలం వల్ల, రక్తం తలకెక్కుతుంది, పైగా విమానం గాలిలోకి ఎగసి కొండ మరుగు కోల్పోయి రాడార్‌కు చిక్కుతుంది. అందుకని శిఖరం దగ్గర విమానాన్ని తలకిందులుగా దొర్లించి, ఆ స్థితిలో స్టిక్‌ను, అంటే విమానాన్ని నడిపే కర్రను, వెనక్కి లాగి లోయలోకి దించి, మళ్లీ నిటారుగా దొర్లిస్తారు. మనిషీ విమానమూ సీటులోకి అదిమే ధన జి బలాన్నే బాగా తట్టుకోగలవు కాబట్టి ఇది ఏర్పడింది. చూపరులు దీన్ని షోకు కోసం చేసిన పల్టీ అనుకుంటారు.

మరీ కిందికి దిగితే పని చెడిన సందర్భాలూ ఉన్నాయి. 1982 ఫాక్లాండ్స్ యుద్ధంలో అర్జెంటీనా పైలట్లు స్కైహాక్ జెట్లను అలల మీదుగా నడిపి బ్రిటిష్ నౌకల మీద బాంబులు వేశారు. క్షిపణులకు చిక్కకుండా ఉండటానికి వారు ఎంత కిందికి దిగారంటే, బాంబు విమానం నుంచి విడిపడి నౌకను తాకేలోపు దాన్ని పేల్చే ఫ్యూజ్ సిద్ధం కావడానికి పట్టే వ్యవధి కూడా చాలలేదు. అలా పేలని బాంబులు పలు నౌకల్లో గుచ్చుకుని మిగిలాయి. ప్రాణాలకు తెగించి సంపాదించిన గురి సెకన్ల కొరత వల్ల వృథా అయిందంటే ఆ పైలట్లకు ఎలా ఉండి ఉంటుందో ఊహించవచ్చు. 1991 గల్ఫ్ యుద్ధం మొదటి రోజుల్లో బ్రిటిష్ టోర్నడోలు ఇరాక్ విమానాశ్రయాల రన్‌వేలను ధ్వంసం చేయడానికి రాత్రిపూట రెండు వందల అడుగుల ఎత్తులో వెళ్లాయి. కొన్ని విమానాలను కోల్పోయాక, ఇరాక్ క్షిపణి రక్షణ బలహీనపడ్డాక, మధ్యస్థ ఎత్తుకు మారాయి. గురితప్పని ఆయుధాలు వచ్చాక నేలబారు ఎగరడం చరిత్రలో కలిసిపోతుందని అప్పట్లో చాలామంది అనుకున్నారు. 2022 నుంచి ఉక్రెయిన్‌లో రెండు పక్షాల సు-25 విమానాలూ చెట్ల మీదుగా వచ్చి, ముక్కు పైకెత్తి రాకెట్లు విసిరి, వెంటనే మరలిపోవడం చూశాక ఆ మాట ఇప్పుడు ఎవరూ అనడం లేదు. రెండు వైపులా క్షిపణి రక్షణ చెక్కుచెదరకుండా ఉన్నచోట జెట్టు మళ్లీ నేల చాటుకే వస్తుంది.

కింద నివసించేవారి మాట కూడా ఒకటుంది. నెత్తి మీదికి వచ్చేదాకా వినిపించకుండా ఒక్కసారిగా విరుచుకుపడే ఆ మోత మనుషులకూ పశువులకూ సామాన్యమైన బాధ కాదు. కెనడాలోని లాబ్రడార్ ప్రాంతంలో గూస్ బే స్థావరం నుంచి నాటో దేశాల జెట్లు చేసే నేలబారు శిక్షణకు వ్యతిరేకంగా అక్కడి ఇన్ను ఆదివాసులు 1988లో రన్‌వే మీదికే వెళ్లి కూర్చున్నారు. మనుషులు లేని ప్రదేశం అని రక్షణశాఖ మ్యాపుల్లో అనిపించేది ఎవరో ఒకరి వేటభూమి అయి ఉంటుంది.

ఇప్పటివరకూ నేల గురించి చెప్పాను. విన్యాసాలకు వస్తే నేలతో పాటు సొంత శరీరం కూడా శత్రువవుతుంది. గుండె నుంచి కంటి దాకా ఉన్న దూరం సుమారు 30 సెంటీమీటర్లు. మామూలుగా నిలుచున్నప్పుడు ఆ మేర రక్తాన్ని పైకెక్కించడానికి గుండె 23 మిల్లీమీటర్ల పాదరస పీడనం ఖర్చు చేస్తుంది. మలుపులో ఐదు జి వస్తే ఆ ఖర్చు కూడా ఐదింతలై 115 అవుతుంది. ఆరోగ్యవంతుడి పై రక్తపోటు 120 కాబట్టి, ఏ రక్షణా లేకుండా తేలికగా కూర్చున్న మనిషి తలకు ఆ స్థితిలో చేరే రక్తం నామమాత్రం. కనుగుడ్డులో సొంత పీడనం కొంత ఉండటం వల్ల మెదడు కంటే ముందు చూపు దెబ్బతింటుంది: మొదట రంగులు వెలుస్తాయి, తర్వాత చూపు అంచుల నుంచి కుంచించుకుపోయి గొట్టంలోంచి చూస్తున్నట్టు అవుతుంది, ఆ తర్వాత అంతా నలుపు. ఈ దశలు హెచ్చరికల్లాంటివి, పట్టు సడలిస్తే చూపు తిరిగి వస్తుంది. చిక్కేమిటంటే నేటి జెట్లు ఒకటి రెండు సెకన్లలోనే తొమ్మిది జిలను చేరుకోగలవు. మెదడులో నిల్వ ఉన్న ఆక్సిజన్ ఐదారు సెకన్లకు సరిపోతుంది. ఆ ఐదారు సెకన్లూ అంతా బాగున్నట్టే ఉండి, ఏ మసకా లేకుండా, దీపం ఆర్పినట్టు స్పృహ పోతుంది. తిరిగి వచ్చేసరికి పది పన్నెండు సెకన్లు, వచ్చాక కూడా తానెక్కడున్నదీ బోధపడటానికి మరో అంత సమయం. ఇరవై సెకన్లకు పైగా ఆ విమానాన్ని నడిపేవారు లేరన్నమాట.

దీనికి విరుగుడుగా ఉన్న జి-సూట్, కాళ్లనూ పొట్టనూ గాలి సంచులతో బిగించి రక్తం కిందికి జారకుండా ఆపుతుంది, కానీ దానివల్ల కలిసివచ్చేది ఒకటి ఒకటిన్నర జిలే. ఎఫ్-16లో సీటును 30 డిగ్రీలు వెనక్కి వాల్చారు, దానివల్ల కొంత. అసలు భారం పడేది పైలట్ కండరాల మీదే. జి రావడానికి ఒక క్షణం ముందే తొడలూ పిక్కలూ పొట్టా బిగబట్టి, గొంతు మూసి, మూడేసి సెకన్లకు ఒకసారి మాత్రం చప్పున గాలి వదిలి పీల్చుకుంటూ ఉండాలి. ఆ సమయంలో కాక్‌పిట్‌లో రికార్డైన ధ్వని వింటే, బరువెత్తే వస్తాదు మూలుగుతున్నట్టు ఉంటుంది. తల, హెల్మెట్, ముసుగు కలిపి ఆరేడు కిలోలు అనుకుంటే తొమ్మిది జిలలో అది అరవై కిలోలు. అలాంటి తలను వెనక్కి తిప్పి ప్రత్యర్థి కోసం చూడాలి. మెడనొప్పి లేని యుద్ధవిమాన పైలట్ అరుదని వైద్యులు అనడంలో ఆశ్చర్యం లేదు. మరో సంగతి చాలామందికి తెలియదు: ఒక విన్యాసంలో రుణ జి లేదా సున్నా జి వచ్చి, ఆ వెంటనే ధన జి లాగితే, మనిషి తట్టుకునే శక్తి మామూలు కంటే తగ్గిపోతుంది. రుణ జిలో తలకెక్కిన రక్తానికి స్పందనగా శరీరం రక్తనాళాల్ని సడలిస్తుంది, గుండెవేగాన్ని తగ్గిస్తుంది. దానికి విరుద్ధమైన బలం అప్పుడే వచ్చి పడుతుంది. తలకిందుల ప్రయాణం తర్వాత వెంటనే బిగువైన మలుపు చూపించే ప్రదర్శన చూసినప్పుడల్లా నాకు గుర్తొచ్చేది ఈ సంగతే.

ప్రదర్శన విన్యాసాలన్నిటిలో సాధారణమైనది లూప్. పైకి లేచి, తలకిందులై, తిరిగి దిగి మొదలైన చోటికి రావడం. దీని ప్రాణం శిఖరంలో ఉంది. పైకి చేరేసరికి ఎంత ఎత్తులో, ఎంత వేగంతో ఉండాలో ముందే నేల మీద నిర్ణయించుకుంటారు. ఆ ద్వారాన్ని పైలట్లు గేట్ అంటారు. ఎత్తు తక్కువైతే కిందికి లాగకూడదు. తలకిందులుగా ఉన్న విమానాన్ని నిటారుగా దొర్లించి, విన్యాసాన్ని వదిలేసి వెళ్లిపోవాలి. జనం చప్పట్లు కొట్టరు, అంతే. 2015 ఆగస్టు 22న ఇంగ్లండ్‌లోని షోరమ్‌లో, 1950ల నాటి హంటర్ జెట్ లూప్‌ను పోలిన విన్యాసంలోకి 350 నాట్లకు బదులు సుమారు 310 నాట్లతో ప్రవేశించింది. కనీసం 3,500 అడుగులు ఉండవలసిన శిఖరం 2,700 అడుగుల దగ్గరే ఆగింది. అక్కడి నుంచి తప్పించుకునే మార్గం ఉందని దర్యాప్తు తేల్చింది, కానీ విమానం గేట్ మూసి ఉన్నా లోపలికి వెళ్లి, పక్కనున్న రహదారి మీద కూలింది. పదకొండు మంది మరణించారు, వారిలో ప్రదర్శనతో సంబంధం లేకుండా దారిన పోయేవారు కూడా ఉన్నారు. పైలట్ గాయాలతో బతికాడు.

అంతకంటే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది 2003 సెప్టెంబరు 14న అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో, మౌంటెన్ హోమ్ స్థావరంలో జరిగినది. అమెరికా వాయుసేన ప్రదర్శన జట్టు థండర్‌బర్డ్స్‌కు చెందిన ఎఫ్-16 ఒకటి టేకాఫ్ కాగానే నిలువుగా లేచి, తలకిందులై, స్టిక్ లాగి కిందికి అర్ధవృత్తం గీసి రావాలి. దీనికి నేల నుంచి 2,500 అడుగులు కావాలి. గాలి పీడనాన్ని బట్టి ఎత్తు చెప్పే ఆల్టిమీటరేమో సముద్రమట్టం నుంచి చూపిస్తుంది, కాబట్టి ఆ స్థావరం నేల ఎత్తును 2,500కు కలుపుకుని చూడాలి. మౌంటెన్ హోమ్ నేల సుమారు 3,000 అడుగుల ఎత్తులో ఉంది; జట్టు సొంత స్థావరమైన నెవాడాలోని నెలిస్ అంతకంటే వెయ్యి అడుగులకు పైగా పల్లంలో ఉంది. ఆ కలుపుడులో పైలట్ సముద్రమట్టం అంకెను తప్పుగా తీసుకున్నాడని దర్యాప్తు చెప్పింది. విమానం నేల నుంచి 1,670 అడుగులకే చేరి అక్కడే తిరగబడింది. ఎంతో నైపుణ్యం, ఆరోగ్యవంతుడైన మనిషి, ఏ లోపమూ లేని విమానం, మబ్బు లేని ఆకాశం. తప్పింది ఒక కూడిక. నేలను తాకడానికి 0.8 సెకన్ల ముందు, 140 అడుగుల ఎత్తులో ఆయన, పైలట్‌ను సీటుతో సహా బయటికి విసిరే ఎజెక్షన్ సీటు మీట లాగి బతికిపోయాడు. జనం వైపు వెళ్లకుండా విమానాన్ని చివరిదాకా మళ్లించాడు కూడా. ఆ తర్వాత ఆ జట్టు, తిరగబడే ఎత్తుకు మరో వెయ్యి అడుగులు చేర్చింది. నేల నుంచి లెక్కించి చెప్పే పద్ధతి మానేసి, రేడియోలో సముద్రమట్టం నుంచి ఉన్న అంకెనే చెప్పాలని నియమం పెట్టింది.

లూప్, రోల్ (దొర్లడం) పాత కాలానికి చెందినవైతే, ఎనభయ్యో దశకం చివర్లో రష్యన్లు చూపించినవి వేరే కోవకు చెందినవి. 1989 పారిస్ ప్రదర్శనలో విక్టర్ పుగచోవ్ సు-27 ముక్కును నిలువుకు మించి వెనక్కి ఎత్తి, పడగ విప్పిన పాములా ఒక క్షణం నిలిపి, మళ్లీ ముందుకు వాల్చాడు. అది కోబ్రా పేరుతో స్థిరపడింది. నిజమైన ఆకాశయుద్ధంలో దాని ప్రయోజనం పరిమితమేనని నా అభిప్రాయం, ఎందుకంటే ఆ క్షణానికి వేగమంతా ఖర్చయిపోయి విమానం నిలబడ్డ గురి అవుతుంది. రెక్కలు గాలిని వదిలేసిన తర్వాత కూడా విమానం చెప్పుచేతల్లోనే ఉంటుందని నిరూపించడమే దాని అసలు విలువ. అదే ప్రదర్శనలో, అనతోలీ క్వోచుర్ నడుపుతున్న మిగ్-29 తక్కువ ఎత్తులో ముక్కెత్తి నెమ్మదిగా సాగుతుండగా ఒక ఇంజన్‌లోకి పక్షి దూరింది. ఆ వేగంలో ఒక ఇంజన్ పోతే విమానం పక్కకు ఒరిగి పడిపోతుంది, సరిదిద్దడానికి వేగమూ లేదు, ఎత్తూ లేదు. నేలను తాకబోతుండగా ఆయన్ను బయటికి విసిరిన కె-36 సీటుకు దానికంటే గొప్ప ప్రచారం ఇంకేమీ అక్కర్లేకపోయింది.

చూడవచ్చినవారి ప్రాణాలకు సంబంధించిన నియమాలు మాత్రం ఎక్కువగా వరుస విషాదాల తర్వాతే వచ్చాయి. 1952లో ఫార్న్‌బరోలో గాలిలోనే విడిపోయిన డీహెచ్-110 శకలాలు గుంపు మీద పడ్డాయి. 1988 ఆగస్టు 28న జర్మనీలోని రామ్‌స్టైన్‌లో ఇటలీ జట్టు విమానాలు ఢీకొని 70 మంది చనిపోయారు. 2002 జూలై 27న ఉక్రెయిన్‌లోని ల్వీవ్ దగ్గర సు-27 జనం మధ్యలో కూలి 77 మంది చనిపోయారు, ఇద్దరు పైలట్లూ బతికారు. జనం నెత్తి మీదుగానో, జనానికి ఎదురుగానో విమానం దూసుకువచ్చే విన్యాసం ఈనాడు చాలా దేశాల్లో నిషిద్ధం కావడానికి ఈ పేర్లే కారణం.

లెక్క తప్పడం ఒకటైతే, లెక్కే వద్దనుకోవడం మరొకటి. 1968 ఏప్రిల్ 5న అలన్ పొలాక్ అనే బ్రిటిష్ పైలట్, వాయుసేన యాభయ్యో వార్షికోత్సవానికి తగిన గౌరవం దక్కలేదన్న కోపంతో, హంటర్ జెట్‌ను లండన్ టవర్ బ్రిడ్జి రోడ్డుకూ పై నడవాకూ మధ్యలోంచి దూరించి తీసుకుపోయాడు. ఈ కథను నవ్వుతూ చెప్పుకుంటారు, నేనూ చెప్పుకున్నాను. ఎవరికీ ఏమీ కాలేదు కాబట్టి నవ్వగలుగుతున్నాం. 1994 జూన్ 24న వాషింగ్టన్ రాష్ట్రంలోని ఫెయిర్‌చైల్డ్ స్థావరంలో, ప్రదర్శనకు సాధన చేస్తున్న బి-52 బాంబర్ 250 అడుగుల ఎత్తులో కంట్రోల్ టవర్ చుట్టూ తిరుగుతూ 90 డిగ్రీలకు మించి వాలిపోయి కూలినప్పుడు నలుగురు అధికారులు చనిపోయారు. ఎనిమిది ఇంజన్ల ఆ విమానాన్ని ఆ పైలట్ అంతకుముందు ఎన్నోసార్లు హద్దు మీరి నడిపాడు, తోటివారు ఫిర్యాదులు చేశారు, పై అధికారులు మందలించి వదిలేశారు. 1998 ఫిబ్రవరి 3న ఇటలీలోని కవలేసె దగ్గర, అనుమతించిన ఎత్తుకు చాలా కిందుగా వెళుతున్న అమెరికా మెరీన్ ప్రౌలర్ జెట్ రోప్‌వే తీగను కోసేసింది. తొట్టెలోని ఇరవై మందీ చనిపోయారు, విమానం మాత్రం క్షేమంగా తిరిగివెళ్లింది. ఆ పైలట్ నరహత్య ఆరోపణ నుంచి బయటపడ్డాడు. విమానంలో తీసిన వీడియో టేపును నాశనం చేయించినందుకు మాత్రం ఉద్యోగం పోయింది. హద్దులు మీరే పైలట్‌ను చూసీ చూడనట్టు వదిలేసే అధికారిది కూడా సమానమైన తప్పేనని ఫెయిర్‌చైల్డ్ నివేదిక చదివాక నాకు స్థిరంగా అనిపించింది.

మనిషి సెకన్లు ఖర్చు చేసుకున్నప్పుడు యంత్రమే అడ్డుపడే ఏర్పాటు ఇప్పుడు వచ్చింది. 2014 నుంచి అమెరికా ఎఫ్-16లలో అమర్చిన స్వయంచాలక వ్యవస్థ, విమానం పథాన్నీ తన దగ్గరున్న నేల మ్యాపునూ ఎడతెగకుండా పోల్చుకుంటూ, ఢీకొనడం తప్పదనుకున్న చివరి ఘడియలో స్టిక్‌ను తానే తీసుకుని రెక్కల్ని సమం చేసి ఐదు జిలతో పైకి లాగుతుంది. 2016లో ఒక శిక్షణార్థి ఎనిమిది జిలకు పైబడిన మలుపులో స్పృహ తప్పినప్పుడు, ధ్వనివేగాన్ని మించి నేలకేసి దూసుకుపోతున్న విమానాన్ని ఇదే కాపాడింది. శిక్షకుడు రేడియోలో అరుస్తూనే ఉన్నాడు, వినేవాడు లేడు. దీని రూపకర్తలు పెట్టుకున్న షరతుల క్రమం నాకు బాగా నచ్చింది: హాని చేయకూడదు, పైలట్ పనికి అడ్డం రాకూడదు, ఆ రెండూ కుదిరాకే నేలను తప్పించాలి. అవసరం లేనప్పుడు స్టిక్ లాక్కునే యంత్రాన్ని ఏ పైలటైనా మొదటి రోజే ఆపేస్తాడని వారికి తెలుసు. అందుకే అది మనిషి ఇక చేయలేడన్న ఘడియ దాకా ఓర్చుకుంటుంది. అయితే అది పోల్చుకునేది నేల ఎత్తుపల్లాల మ్యాపుతోనే. లోయకు అడ్డంగా నిన్న కట్టిన తీగ ఆ మ్యాపులో ఉండదు, దాన్ని మోసే స్తంభాన్ని వెతకవలసింది ఇప్పటికీ పైలట్ కళ్లే.